జాకెట్టుపై వ్రాసినది ఎవరి కొరకు?

గోదావరిపై నడచు పడవలకును లాంచీలకును అనుమతులొసగు అధికారులకు, వానిలో నుంచవలసిన రక్షణసామగ్రిని పరీక్షించి ఆమోదముద్ర వేయు నిపుణులకు, నదీపర్యాటకమును నడిపించు ప్రభుత్వపెద్దలకు.

ఆర్యులారా,

పడవ మునిగిన ప్రతి పర్యాయమును, గల్లంతైనవారికై గాలింపు ముగియకమునుపే, మీ పక్షమునుండి ఒక సమాధానము వినవచ్చుచున్నది: ప్రాణరక్షక జాకెట్లు ఉంచితిమి, సూచనలు వ్రాయించితిమి, ప్రయాణికులే లక్ష్యపెట్టలేదు అని. మాటలు మారవచ్చును, శాఖ మారవచ్చును, ప్రభుత్వము సైతము మారవచ్చును. ఈ ధోరణి మాత్రము మారలేదు. వ్రాయించుటతో వ్రాయించినవారి బాధ్యత తీరిపోవుననియు, అటుపిమ్మట చదువుట, గ్రహించుట, ప్రాణము దక్కించుకొనుట అనునవన్నియు రేవులో టిక్కెట్టు కొన్న మనుష్యుని వంతనియు తలంచు ఈ ధోరణిని నేను అంగీకరింపజాలను. హెచ్చరిక వ్రాయించినవారు మీరు. అది చదువువాని కంటికి ఆనుచున్నదా, మనసునకు ఎక్కుచున్నదా అని విచారించు భారమును మీదియే.

కోనసీమలోని ఒక రేవున, అవతలి ఒడ్డునకు పోవు పడవ నిండుటకై వేచియుండగా, బల్లక్రింద కుక్కియుంచిన నారింజరంగు జాకెట్లలో ఒకదానిని పైకి లాగి, లోపలివైపు త్రిప్పి చూచితిని. అరచేతిలో సగము పట్టునంతటి గుడ్డపట్టీ యొకటి మెడదగ్గర కుట్టబడియున్నది. వ్రాత అంతయు ఇంగ్లీషు, అందును చీమలబారువంటి అక్షరములు. పైన ఒక అంకె, దాని ప్రక్కన ఎన్ అను అక్షరము. దాని దిగువను ఇంత బరువునుండి ఇంత బరువువరకు అని కిలోల లెక్క. అటుపైన ఒక త్రికోణము, దాని వెంట అయిదారు వరుసల హెచ్చరిక. నడుముపట్టీ రాచుకొనుచోట ఆ వరుసలు చెరిగి తెల్లబడినవి. బరువు తెలుపు అంకెలలో మొదటిది బురదమరకలో కలిసిపోయినది. నా ప్రక్కన పిల్లవానిని చంకనెత్తుకొని నిలిచిన ఒక తల్లి, "ఇది పిల్లోడికి సరిపోద్దా బాబూ?" అని గడ పట్టుకొనియున్న కుఱ్ఱవానిని అడిగినది. "అన్నీ ఒకటేనండి అమ్మగారూ, ఏదేసినా తేల్తారండి" అని అతడు వినయముగా బదులు చెప్పెను. అతడు అబద్ధమాడలేదు; ఎవరును తనకు చెప్పనిదానిని తనకు తోచినట్లు చెప్పినాడు. తొడిగిన జాకెట్టు ఆ పిల్లవాని భుజములు దాటి చెవులను కప్పుచుండగా, ఆమె దాని నాడాలను రెండు చుట్లు త్రిప్పి ముడివేసి, ఇక భయము లేదనుకొని కూర్చున్నది.

అన్నియు ఒకటి కావని మీకు తెలియును. మీకు తెలియునన్నదే నా ఆరోపణ. ఎన్ ప్రక్కనున్న ఆ అంకె నీటిలో మనిషిని పైకెత్తు బలమును న్యూటన్లలో తెలుపునది. అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 12402 ప్రకారము 50 అంకె గలది ఈత వచ్చినవారికి, ఒడ్డునకు చేరువగా, సహాయము అందుబాటులో నున్నచోట మాత్రమే ఉద్దేశింపబడినది. స్పృహ తప్పి బోర్లపడినవానిని వెల్లకిల త్రిప్పుటకు అది హామీ ఇయ్యదు. నెమ్మదియైన జలములలో ఆ పని చేయుటకు 100, సముద్రమునకు 150, బరువైన దుస్తులతోను పనిముట్లతోను నీటిపై పనిచేయువారికి 275. తల నీటిపైన నిలుచుటకు పెద్దవానికి సామాన్యముగా కావలసిన అదనపు ఊతము మూడు మొదలు అయిదు కిలోల వరకే గనుక 50 అంకె జాకెట్టుతోనైనను మనిషి తేలును. అయితే ముఖము నీటిలో నుండగా తేలినవాడు ఎంతసేపు బ్రతుకును? పర్యాటకుల లాంచీలో ఈత రానివారే అధికముగదా. 50, 100 అంకెల జాకెట్లలో ఏది ఇచ్చుచున్నారో వారికే తెలియని స్థితిలో, జాకెట్టు ఇచ్చితిమన్న మాటకు ఏమి విలువ?

బరువుల లెక్క యింకను ముఖ్యము. ఓడలకు వర్తించు అంతర్జాతీయ నియమావళి 15 కిలోల లోపు శిశువులకు, 15 నుండి 43 వరకు బాలురకు, అంతకు మించిన పెద్దలకు వేరువేరు జాకెట్లను విధించినది. పెద్దవాని జాకెట్టు తొడిగిన బాలుడు నీట పడినచో జాకెట్టు పైకి లేచును, బాలుడు క్రిందికి జారును; దానిని నివారించుటకే తొడలనడుమనుండి పోవు పట్టీ ఉన్నది. 2018 జూలై 14న పశువుల్లంక వద్ద, బడినుండి ఇండ్లకు మరలు విద్యార్థులతో నిండిన నాటుపడవ, కట్టుచున్న వంతెన స్తంభమునకు తగిలి మునిగినప్పుడు, ఆడపిల్లలు గోదావరి పాలైరి. లంకలలోని పిల్లలకు పడవప్రయాణము వినోదము కాదు, నిత్యకృత్యము. పాపికొండలకు విహారమునకు పోవువానికి జాకెట్టు తప్పనిసరి అని ఘోషించు మనము, పుస్తకాలసంచితో దినమునకు రెండుమార్లు పాయ దాటు బాలిక కొలతకు తగిన జాకెట్టు ఏ రేవులో ఎన్ని యున్నవో ఎన్నడైన లెక్కించితిమా?

మెడదగ్గరి గుడ్డపట్టీపైననే మరియొక వాక్యము సామాన్యముగా కానవచ్చును: దీనిపై కూర్చుండరాదు, మోకరిల్లరాదు అని. లోపలి నురుగుపదార్థము అణగి, తేలుగుణమును పోగొట్టుకొనును గనుక. మన పడవలలో ఎండకు కాలు చెక్కబల్లపై మొదట పరచునది ఈ జాకెట్టునే. చేయువారిని నిందింపజాలను, కూర్చున్నందున ఏమి చెడునో వారికి చెప్పినవారెవరు?

హెచ్చరిక సందర్భమునకు పొసగనప్పుడు సంగతి మరింత విషమించును. ఎల్లవేళల జాకెట్టు ధరింపుడని ఒక సూచన. మంచిదే. కాని నాలుగు ప్రక్కల అద్దములు బిగించిన గదిలో కూర్చున్నవాడు ఏమి చేయవలెను? పడవ ఒరిగి గదిలో నీరు నిండినప్పుడు, అతనిని తేల్చవలసిన జాకెట్టే అతనిని పైకప్పునకు అదిమిపట్టి, తలుపువైపు మునిగి పోనీయదు. విమానములలో జాకెట్టును తలుపు దాటిన పిమ్మటనే గాలితో నింపుడని చెప్పుట ఇందులకే. 2018 మే 15న కొండమొదలునుండి వచ్చుచున్న లాంచీ మంటూరు వద్ద గాలివానకు మునిగినప్పుడు, జల్లు లోనికి రాకుండ తలుపులును కిటికీలును మూసియుంచుటచేత లోనివారు వెలువడలేకపోయిరని ఆనాటి వార్తలు తెలిపినవి. గాలి లేచినప్పుడు కిటికీ మూయవలెనని ప్రయాణికునకు సహజముగా తోచును. మూయరాదని చెప్పవలసినవారు మీరు. ఆ ఒక్క వాక్యము తెలుగులో, కిటికీప్రక్కనే, చేతికి తగులునంత ఎత్తున, ఎన్ని లాంచీలలో కలదు? అద్దము పగులగొట్టు సుత్తి ఎక్కడ నున్నదో, ఏ తలుపు బయటికి తెరచుకొనునో, పడవ కదలకమునుపు చేయెత్తి చూపుట ఎవరి విధి?

ఇక రేవులోను, పత్రికలోను, రేడియోలోను మనము వినునట్టి పెద్ద హెచ్చరిక. ధవళేశ్వరమున కాటన్ బ్యారేజీ వద్ద నీటిమట్టము 11.75 అడుగులు చేరిన మొదటి ప్రమాదహెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది, భద్రాచలమున 43, 48, 53. గోదావరి నీరు త్రాగి పెరిగినవారికి ఈ అంకెలు కంఠస్థములు. ధవళేశ్వరమున మొదటి హెచ్చరిక అనగా సుమారు 10 లక్షల క్యూసెక్కుల ప్రవాహము. లంకవాసులను మేల్కొల్పుటకు, పశువులను మెరకకు తోలించుటకు, ఏటిగట్లకు కాపలా పెట్టుటకు ఏర్పడిన అంకెలివి, ఆ పనికి ఇవి చక్కగా ఉపకరించుచున్నవి. అయితే పడవ ఎక్కువాడు వీనినుండి ఏమి గ్రహించును? హెచ్చరిక ఎత్తివేసినారు గనుక భయము తీరినదని గ్రహించును.

2019 సెప్టెంబరు 15, ఆదివారము. దేవీపట్నం మండలములోని కచ్చులూరు వద్ద రాయల్ వశిష్ఠ పున్నమి అను పర్యాటకుల లాంచీ మునిగిననాడు నదిలో ప్రవాహము సుమారు 5 లక్షల క్యూసెక్కులు. మొదటి హెచ్చరికకు కావలసినదానిలో సగము! పుస్తకము ప్రకారము ఆనాడు గోదావరి ఏ హెచ్చరికలోను లేదు. డెల్టాలో రెండు మూడు కిలోమీటర్ల వెడల్పున పరచుకొని పారునట్టి నీరు కొండలనడుమ ఇరుకున పడి మలుపు తిరుగుచోట, సరంగులు పేరు పెట్టి పిలిచి భయపడునట్టి కచ్చులూరు మందము సుడులలో, ఆ సగమే చాలినది. పడవలోనున్న 77 మందిలో బ్రతికినవారు 26 మంది. వారిలో పలువురను నీటినుండి తీసి ఒడ్డు చేర్చినది తమ చిన్న పడవలతో పరుగెత్తివచ్చిన గిరిజన గ్రామస్థులు. 51 మంది మరలి రాలేదు. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందము అక్టోబరు 22న పడవను వెలికి లాగినప్పుడు దాని గర్భములోను మృతదేహములు కనబడినవి.

కావున సూటిగా అడుగుచున్నాను. ఎన్ని క్యూసెక్కుల వరకు పాపికొండల ఇరుకున లాంచీ నడువవచ్చును? ఏ నీటిమట్టమున కోటిపల్లి రేవు మూయవలెను, ఏ నీటిమట్టమున సఖినేటిపల్లి పంటు ఆగవలెను? ఆ అంకె మీ దస్త్రములో నున్నచో, దానిని రేవులోని కొలబద్దపై ఎఱ్ఱగీతగా ఏల వేయరాదు? నీరు గీత దాటినదో లేదో చెప్పుటకు చదువు అక్కరలేదు; టిక్కెట్టు కొనువాడును చూడగలడు, అమ్మువాడును దాచలేడు. కచ్చులూరు పిమ్మట, ఆ యేడే నవంబరులో, గండిపోచమ్మ, పేరంటాలపల్లి, రాజమహేంద్రవరము మొదలుగా తొమ్మిదిచోట్ల కంట్రోల్ రూములకు శంకుస్థాపన జరిగినది. ఆలోచన మంచిది, నదిని చూచి పడవను ఆపగల అధికారము ఒకచోట నుండితీరవలెను. కాని గదిలోని అధికారికి తెలిసినది మెట్లపై నిలిచిన ప్రయాణికునకు తెలియు మార్గమును ఏర్పరుపనిచో, ఆ ప్రయాణికుడు యథాప్రకారము సరంగు ముఖము చూచియే పడవ ఎక్కవలసియున్నది.

కొలబద్దపైననే కాదు, పడవప్రక్కను సైతము ఇట్టి ఎఱ్ఱగీత ఉండవలెను. ఇది నా కల్పన కాదు. మోయలేని బరువు నెత్తించి నావికులను సముద్రమునకు పంపు యజమానులపై శామ్యూల్ ప్లిమ్సాల్ బ్రిటిషు పార్లమెంటులో చేసిన పోరాటము ఫలించి, 1876లో ఓడప్రక్కను భారరేఖ వేయవలెనని శాసనమైనది. అందును తొలుత ఒక లోపము మిగిలినది: గీత ఉండవలెనన్నారే గాని ఎక్కడ ఉండవలెనో యజమాని యిష్టమునకు విడిచిరి. దానిని చట్టమే నిర్ణయించుటకు మరి దశాబ్దమునకు పైగా పట్టెను. మన పడవలలో ప్రయాణికుల సంఖ్యయే వ్రాయుదురు, అదియు తరచు చుక్కాని గది దాపున, ఎక్కువాని కంటబడనిచోట. ఆ సంఖ్యలో చంటిపిల్లలు చేరుదురా? పనివారు చేరుదురా? రేవు పడవలో మనుష్యులనడుమ నిలుపు మోటారుసైకిళ్ల బరువు, కొబ్బరికాయల బస్తాల బరువు ఎవరి ఖాతాలో వ్రాయవలెను? గీత యున్నచో ఈ ప్రశ్నలు పుట్టవు. ఎక్కినది మనిషియైనను బస్తాయైనను నీరు గీతను తాకినదా లేదా అన్నదొక్కటే మిగులును.

జాకెట్ల వ్రాతల విషయమున అగ్రరాజ్యమే తన పద్ధతిని మార్చుకొన్నది. అమెరికాలో దశాబ్దములుగా జాకెట్లను ఒకటవ రకము మొదలు అయిదవ రకము వరకు అంకెలతో వర్గీకరించి ముద్రించుచుండిరి. ఏ రకము దేనికో వాడువారికి బోధపడుట లేదని గ్రహించి, అచటి కోస్ట్ గార్డు 2014లో ఆ రకముల పేళ్లను నిబంధనలనుండి తొలగించి, బొమ్మల లేబుళ్లకు దారి తెరచినది. మనిషిని వెల్లకిల త్రిప్పునో లేదో వంపు బాణపు గుర్తు చెప్పును. ఎట్టి నీటికి తగునో అలల బొమ్మ చెప్పును. అక్షరాస్యత అంతగా గల దేశములోనే చదువువాడు తెలిసికొనలేదన్న దోషమును వ్రాసినవారు తమపై వేసికొని సవరించుకొనగా, ఇచట మనము మునిగినవానిపై వేయుచున్నాము.

అంతదూరము పోనక్కరలేదు. మన డెల్టా రైతు చేతిలోని పురుగుమందు డబ్బాను చూడుడు. దానిపై కోణముగా నిలిపిన చతురస్రములో ఎఱుపున్నదో, పసుపున్నదో, నీలమున్నదో, పచ్చయున్నదో చూచి, అక్షరము రాని కూలీయు దాని విషతీవ్రతను చెప్పగలడు. 1971 నాటి కీటకనాశినుల నిబంధనలు అట్టి గుర్తును తప్పనిసరి చేసినవి. లోపలి కరపత్రము ప్రాంతీయభాషలోను ఉండవలెను. చేనిలోని మనిషికి చేయగలిగిన మర్యాద నీటిపైని మనిషికి ఏల చేయజాలరు? మూడు కొలతలకు మూడు రంగుల పట్టీలు భుజముమీద కుట్టించుటకు ఎంత వ్యయమగును?

ఈ విషయమై అర్జీ పెట్టుకొన్నప్పుడు ఒక కార్యాలయమునుండి నాకు వచ్చిన ప్రత్యుత్తరము, తయారుచేసినవారు కుట్టిన లేబులును మార్చుటకు వీలులేదని. మార్చుమని ఎవరడిగిరి? దాని ప్రక్కన రెండవదానిని, తెలుగులో, పెద్ద అక్షరములతో, బొమ్మలతో, కుట్టింపుమని యడిగితిని. అధికారము లేదనుటకును వీలులేదు. 1917 నాటి చట్టము స్థానమున వచ్చిన 2021 నాటి అంతర్దేశీయ నౌకల చట్టము మరపడవల నమోదును, తనిఖీని, యోగ్యతాపత్రమును మీ చేతిలో పెట్టినది; యంత్రము లేని పడవల నమోదును స్థానికసంస్థల వంతు చేసినది. భద్రాచలమునుండి రాజమహేంద్రవరము వరకు గోదావరి 2008లోనే జాతీయ జలమార్గముగ ప్రకటింపబడినది. యోగ్యతాపత్రముపై సంతకము చేయునప్పుడు జాకెట్లు ఎన్ని అని లెక్కించుటతో తృప్తిపడక, అచటనున్న ఏ ప్రయాణికునైనను పిలిచి, దీనిని చదివి తొడుగుకొనుమని యడుగుడు. అతడు చేయలేనిచో పడవ యోగ్యమైనది కాదు. రేవు పాట నిర్వహించునప్పుడు, పిల్లల జాకెట్లు, ఎఱ్ఱగీత, తెలుగు సూచన అను మూడింటిని పాటదారు షరతులలో చేర్చుడు. డబ్బు కట్టకున్న పాట రద్దగునట్లే ఇవి లేకున్నను రద్దు కావలెను.

వ్రాతకన్న నోటిమాట మేలైన సందర్భములును కలవు. పడవ కదలుటకు ముందు సరంగో, సహాయకుడో ముందు నిలిచి, జాకెట్టు తొడిగి చూపి, తొడపట్టీ బిగించి చూపి, తలుపులను చూపి, గాలి లేచినచో కిటికీలు తెరచుడని చెప్పుటకు అయిదు నిమిషములు చాలును. దానిని ఏ మాటలతో చెప్పవలెనో మీరు వ్రాసి యిచ్చి, నేర్పి, నేర్చినవానికే అనుమతి నొసగవలెను. మందము ఎక్కడ, సుడి ఎక్కడ, ఏ నెలలో నీరు ఎటు లాగును అని తరతరములుగా నెఱిగిన పడవవారిని పిలిచి వారి మాటలలోనే ఈ సూచనలను వ్రాయింపుడు. ఇంగ్లీషునుండి అనువదింపబడిన సూచన వారి నోట పలుకదు, పలికినను ఎవరును వినరు.

కార్తీకమాసములో లాంచీలు నిండిపోవును. 2027లో పుష్కరములు రానున్నవి. తెలుగు చదువలేని తీర్థయాత్రికులును లక్షలుగా వత్తురు, వారికి బొమ్మలును గీతలునే దిక్కు. ఏ నీటిమట్టమున ఏ రేవు మూయుదురో, పిల్లల జాకెట్లు ఏ రేవున ఎప్పటికి చేర్చుదురో, తెలుగు లేబులు లేని పడవకు ఏ తేదీ మొదలు అనుమతి నిరాకరింతురో తెలుపవలసినదిగా కోరుచున్నాను. ఈ మూడు ప్రశ్నలకు మీ సమాధానమును నాకు పంపనక్కరలేదు. దానిని రేవులో, టిక్కెట్టు కిటికీప్రక్కన, మీ సంతకముతో సహా వ్రాసి పెట్టింపుడు.

ఇట్లు,
భవదీయుడు,
గోదావరి తీరవాసి ఒకడు